ఒకే పంపుతో అనేక అక్వేరియంల అనుసంధానం: నీటి నడకలోని సూత్రాలు, జాగ్రత్తలు

పెరటిలోనో వరండాలోనో పది పన్నెండు గాజు తొట్లు అమర్చుకొని గప్పీ, మోలీ, ప్లాటీ, గోల్డ్‌ఫిష్ వంటి అలంకరణ చేపలను పెంచి విక్రయించడం తక్కువ స్థలంలో సాగే అనుబంధ వృత్తి. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకరణ చేపల పెంపక యూనిట్‌కు 3 లక్షల రూపాయల వ్యయాన్ని ప్రమాణంగా తీసుకొని, సాధారణ వర్గాల వారికి 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 60 శాతం సహాయం అందించే ఏర్పాటు చేశారు. మిగిలిన మొత్తం లబ్ధిదారు సొంతంగానో అప్పుగానో సమకూర్చుకోవలసినదే. కాబట్టి తొట్లలోని చేపలు ఆ కుటుంబపు పెట్టుబడి కూడా.

తొట్ల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కదానికి వేరువేరుగా వడపోత పరికరాన్ని అమర్చి శుభ్రపరచడం భారమవుతుంది. అన్నిటినీ గొట్టాలతో కలిపి, ఒకే పంపుతో నడపాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. అయితే ఈ ఏర్పాటు చేసుకునేవారి దృష్టి సాధారణంగా పంపు శక్తి మీదనే నిలుస్తుంది. ఇటువంటి వ్యవస్థలలో పెద్ద నష్టాలు పంపు సక్రమంగా నడుస్తున్నప్పుడు రావు. విద్యుత్తు పోయి పంపు ఆగినప్పుడు, నీరు తిరిగి వచ్చే దారి మూసుకున్నప్పుడు, లేదా ఒక తొట్టిలోని వ్యాధి నీటి వెంట అన్నిటికీ పాకినప్పుడు వస్తాయి. ఈ మూడు సందర్భాలనూ ముందుగా లెక్కలోకి తీసుకొని గొట్టాలు అమర్చుకోవడమే అనుసంధానంలో అసలు పని.

అనుసంధానపు మూలసూత్రం

పంపు నీటిని పైకి ఎత్తుతుంది. కిందికి తెచ్చే పని గురుత్వాకర్షణది. అన్ని తొట్ల కంటే దిగువన ఒక సంపు ఉంటుంది. పంపు అందులోని నీటిని తొట్లకు చేరుస్తుంది. ప్రతి తొట్టిలోనూ నిర్ణీత మట్టం దాటిన నీరు పొర్లుగొట్టం ద్వారా తనంతట తాను సంపుకు దిగుతుంది. వడపోత, వేడిమి నియంత్రణ, నీటి పరీక్ష అన్నీ సంపు దగ్గరే జరుగుతాయి.

వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ బృందం రూపొందించిన ఆక్వాపోనిక్స్ వ్యవస్థ ఈ సూత్రానికి మంచి ఉదాహరణ. అందులో ఒక్కొక్కటి 7,800 లీటర్ల సామర్థ్యం గల నాలుగు చేపల తొట్లు ఉంటాయి. సంపులోని ఒకే పంపు నీటిని వాటికి ఎత్తుతుంది. అక్కడి నుండి మలినాలను వేరుచేసే తొట్లు, వడపోత తొట్లు, మొక్కలు పెరిగే కాలువలు దాటి తిరిగి సంపుకు చేరేవరకు నీరు వాలు ఆధారంగానే ప్రవహిస్తుంది. ఒక్కసారి ఎత్తిన నీటితోనే అన్ని పనులూ జరిగేలా మట్టాలను నిర్ణయించడం ఆ రూపకల్పనలోని విశేషం. జీబ్రా చేపలపై పరిశోధన చేసే ప్రయోగశాలలలో అంతస్తులుగా పేర్చిన చిన్న తొట్లు కూడా ఇదే విధానంలో నడుస్తాయి.

వరుస పద్ధతి, సమాంతర పద్ధతి

తొట్లను రెండు విధాలుగా కలపవచ్చు. మొదటిది వరుస పద్ధతి. పై తొట్టి పొర్లు నీరు కింది తొట్టికి, దాని పొర్లు నీరు ఆపై దానికి చేరుతుంది. తెలంగాణలోని గొలుసుకట్టు చెరువుల అమరిక ఇటువంటిదే. ఎగువ చెరువు మత్తడి దుమికిన నీరు దిగువ చెరువును నింపుతుంది. గొట్టాల ఖర్చు తక్కువ కావడం ఈ పద్ధతి వల్ల లాభం. అయితే పై తొట్టిలోని మలినం, వ్యాధి క్రిములు వడపోతకు చేరకముందే కింది తొట్లన్నిటిలో తిరుగుతాయి. మధ్యలోని ఒక తొట్టిని వేరుచేయాలంటే మొత్తం ప్రవాహాన్ని ఆపవలసి వస్తుంది.

రెండవది సమాంతర పద్ధతి. ప్రధాన కాలువ నుండి ఒక్కొక్క పొలానికి తూము ఉన్నట్లే, ప్రధాన గొట్టం నుండి ఒక్కొక్క తొట్టికి వాల్వుతో కూడిన శాఖ ఉంటుంది. ప్రతి తొట్టి పొర్లు నీరు నేరుగా ఉమ్మడి మురుగు గొట్టంలోకి, అక్కడి నుండి సంపుకు పోతుంది. అన్ని తొట్లకూ వడపోసిన నీరే అందుతుంది. అవసరమైనప్పుడు ఏ తొట్టినైనా విడదీయవచ్చు. అమ్మకానికి పెంచే యూనిట్లకు ఈ పద్ధతే తగినది.

ఒకే ఎత్తున ఉన్న తొట్లను తిరగేసిన యూ ఆకారపు గొట్టంతో కలిపి మట్టాలను సమం చేసే పద్ధతి కూడా కొందరు పాటిస్తారు. గొట్టం పై వంపులో గాలి బుడగలు చేరితే సైఫన్ తెగిపోతుంది. అప్పుడు నీరు వచ్చే తొట్టి పొంగిపొర్లుతుంది. మనుషులు దగ్గర లేని వేళ దీనిని నమ్మడం క్షేమకరం కాదు.

పన్నెండు తొట్ల నమూనా

లెక్కలు స్పష్టంగా ఉండేందుకు ఒక నమూనాను తీసుకోవచ్చు. తొట్టి పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 40 సెం.మీ. నడుస్తున్నప్పుడు నీటి మట్టం 35 సెం.మీ. అంటే ఒక్కొక్క తొట్టిలో 63 లీటర్లు, పన్నెండింటిలో 756 లీటర్లు. మూడు అంతస్తులు, అంతస్తుకు నాలుగు తొట్లు. తొట్ల అడుగు భాగాలు నేల నుండి 60, 120, 180 సెం.మీ. ఎత్తున ఉంటాయి. కింద 100 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు గల సంపులో 25 సెం.మీ. నీరు, అంటే సుమారు 112 లీటర్లు ఉంటుంది. నీటి బరువే 850 కిలోలు దాటుతుంది కనుక ఇనుప చట్రం, దాని కాళ్ల కింది నేల గట్టిగా ఉండాలి.

ప్రతి తొట్టిలోని నీరు గంటకు నాలుగు సార్లు మారాలనుకుంటే తొట్టికి సుమారు 250 లీటర్లు, మొత్తం మీద గంటకు 3,000 లీటర్ల ప్రవాహం కావాలి.

పంపు ఎంపిక

పంపు పెట్టె మీద గరిష్ఠ ప్రవాహం, గరిష్ఠ ఎత్తు అని రెండు అంకెలు ఉంటాయి. ఈ రెండూ ఏకకాలంలో లభించవు. గరిష్ఠ ప్రవాహం ఎత్తు సున్నా అయినప్పటిది. గరిష్ఠ ఎత్తు దగ్గర ప్రవాహం సున్నా. కొనేటప్పుడు అడగవలసినది, కావలసిన ఎత్తులో గంటకు ఎన్ని లీటర్లు వస్తాయన్నది.

నమూనాలో సంపు నీటి మట్టం 25 సెం.మీ., పై అంతస్తు నీటి మట్టం 215 సెం.మీ. కాబట్టి ఎత్తవలసినది 1.9 మీటర్లు. గొట్టాలు, ఎల్బోలు, టీలు, వాల్వులలో రాపిడి వల్ల కలిగే నష్టానికి మరో 0.7 మీటరు కలిపితే 2.6 మీటర్లు. ఆ ఎత్తులో 3,000 లీటర్లు ఇచ్చే పంపు కావాలి. నీటిని ఎత్తడానికి అవసరమైన నికర శక్తి 21 వాట్లు మాత్రమే. చిన్న పంపుల సామర్థ్యం 30 శాతం అనుకుంటే విద్యుత్తు వినియోగం 71 వాట్లు, అంటే నెలకు సుమారు 51 యూనిట్లు.

రాపిడి నష్టాన్ని నిర్ణయించేది ప్రధానంగా గొట్టం వ్యాసం. ప్రవాహం మారకుండా వ్యాసం సగానికి తగ్గితే నష్టం ముప్పై రెట్ల వరకు పెరుగుతుంది. గంటకు 3,000 లీటర్లు 20 మి.మీ. లోపలి వ్యాసం గల గొట్టంలో సెకనుకు 2.65 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. 32 మి.మీ. గొట్టంలో అది దాదాపు 1 మీటరుకు తగ్గుతుంది. సన్నని గొట్టంతో కొనుగోలులో మిగిలిన డబ్బు కరెంటు బిల్లులో ప్రతినెలా పోతుంది.

నీటి పంపకంలో సమానత

కాలువ మొదట్లోని పొలానికి నీరు పుష్కలంగా, చివరి ఆయకట్టుకు అరకొరగా అందడం రైతులకు తెలిసిన సంగతే. ఈ అమరికలో చివరి ఆయకట్టు పై అంతస్తు. కింది అంతస్తు దగ్గర గొట్టంలో పీడనం పై అంతస్తు కంటే 1.2 మీటర్ల నీటి ఎత్తు మేరకు ఎక్కువ. పై అంతస్తు శాఖ దగ్గర 0.3 మీటరు పీడనం మిగిలితే కింది అంతస్తు దగ్గర 1.5 మీటర్లు ఉంటుంది. ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కనుక, వాల్వులన్నీ ఒకేలా తెరిస్తే కింది తొట్లకు పై తొట్ల కంటే రెండు రెట్లకు పైగా నీరు పోతుంది.

అందువల్ల ప్రతి శాఖకూ ఒక వాల్వు తప్పనిసరి. ముందు పై అంతస్తు వాల్వులను పూర్తిగా తెరిచి, తరువాత కింది వాటిని కొద్దికొద్దిగా బిగించాలి. ఒక్కొక్క శాఖ నీటిని ఒక నిమిషం పాటు పాత్రలో పట్టి కొలవాలి. నిమిషానికి 4 లీటర్లకు కాస్త పైగా వస్తే గంటకు 250 లీటర్లు అందుతున్నట్లు. బిందుసేద్యంలో పొలం మొదటి, చివరి డ్రిప్పర్ల నీటిని కొలిచి సరిచూసుకునే విధానమే ఇది.

తిరుగుదారి

పంపు తోసే గొట్టంలో పీడనం ఉంటుంది. తిరిగి వచ్చే గొట్టంలో వాలు తప్ప మరో బలం ఉండదు. కనుక అది ఎప్పుడూ పెద్దదిగా ఉండాలి. తొట్టి పొర్లుగొట్టానికి 25 మి.మీ., అన్నీ కలిసే ఉమ్మడి గొట్టానికి 63 మి.మీ. వ్యాసం ఉంటే నమూనాకు సరిపోతుంది. మీటరుకు 1 నుండి 2 సెం.మీ. వాలు ఇచ్చి, ఉమ్మడి గొట్టం పై చివరను గాలికి తెరిచి ఉంచాలి. గాలి ఆడకపోతే నీరు గుటకలు వేస్తున్నట్లు ఆగి ఆగి దిగుతుంది. తొట్లలో మట్టం ఊగిసలాడుతుంది.

పొర్లుగొట్టం కోసం గాజుకు రంధ్రం వేయవలసి వస్తుంది. మామూలు గాజును డైమండ్ బిట్‌తో, నీరు పోస్తూ నెమ్మదిగా తొలచవచ్చు. టఫెన్డ్ గాజుకు రంధ్రం వేస్తే పలక మొత్తం ముక్కలవుతుంది. తొట్టి అడుగు పలక ఏ రకమో తెలుసుకోకుండా బిట్ పెట్టరాదు. గొట్టాలకు పీవీసీ అనువైనది. అతికించిన ద్రావణం ఒక రోజు ఆరిన తరువాతనే నీరు వదలాలి. రాగి, ఇత్తడి అమరికలు వాడరాదు. వాటి నుండి కరిగే రాగి రొయ్యలకు, నత్తలకు విషం.

పంపు ఆగినప్పుడు

పంపు ఆగిన క్షణాన ప్రతి తొట్టిలో పొర్లు అంచుకు పైనున్న నీరు సంపుకు దిగుతుంది. అంచు 34 సెం.మీ. దగ్గర ఉంటే దిగేది 1 సెం.మీ. నీరు. తొట్టికి 1.8 లీటర్ల చొప్పున పన్నెండింటికి సుమారు 22 లీటర్లు. గొట్టాలలోని నీటికి మరో 8 లీటర్లు కలిపినా 30 లీటర్లే. సంపులో 25 సెం.మీ. మట్టం పైన మిగిలిన ఖాళీ 90 లీటర్లు. ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఒక చిన్న మార్పును ఊహించాలి. నీరు పడే చప్పుడు వినపడకూడదని నీరు తెచ్చే గొట్టం మూతిని తొట్టిలో 15 సెం.మీ. లోతుకు ముంచారు. పంపు ఆగగానే అదే గొట్టం సైఫన్‌గా మారి తొట్టి నీటిని వెనక్కి లాగుతుంది. మూతి బయటపడేదాకా ఒక్కొక్క తొట్టి నుండి 27 లీటర్లు, పన్నెండూ అలా జారితే 324 లీటర్లు దిగివస్తాయి. సంపులో పట్టేది 90. మిగిలినది నేల మీదకు, అక్కడున్న విద్యుత్తు ప్లగ్గుల మీదకు పోతుంది. కరెంటు తిరిగి వచ్చాక సంపులో మిగిలిన నీరు తొట్లను మళ్లీ పొర్లు మట్టానికి నింపలేదు. నీరు తిరిగి రాదు, పంపు గది ఖాళీ అవుతుంది, పంపు వట్టిగా తిరిగి మాడిపోతుంది.

దీనికి వెనక్కు రానివ్వని వాల్వును అమర్చడం కొందరు చేసే పని. దాని రేకు కింద ఒక నత్త గుల్ల, నాచు పోగు చిక్కుకున్నా అది మూసుకోదు. గొట్టంలో నీటి మట్టానికి కాస్త దిగువన 5 మి.మీ. రంధ్రం చేస్తే గాలి చొరబడి సైఫన్ తెగుతుంది, కాని ఆ రంధ్రమూ నాచుతో పూడిపోవచ్చు. గొట్టం మూతిని నీటి మట్టానికి పైననే ఉంచడం ఎన్నటికీ చెడిపోని ఉపాయం.

పంపు ఆగితే మరో ప్రమాదం ఆక్సిజన్ కొరత. 30 డిగ్రీల నీటిలో గరిష్ఠంగా కరిగేది లీటరుకు సుమారు 7.5 మి.గ్రా. మాత్రమే. ప్రవాహం ఆగిన దట్టమైన తొట్టిలో అది త్వరగా తరుగుతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ప్రతి యూనిట్‌లోనూ సిద్ధంగా ఉండాలి. ఒక పెద్ద పంపుకు బదులు సగం సామర్థ్యం గల రెండింటిని పక్కపక్కన అమర్చితే, ఒకటి పాడైనా ప్రవాహం పూర్తిగా ఆగదు. విద్యుత్తు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చాలి. తీగలను ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా వంపు తిప్పితే వాటి వెంట జారిన నీరు ప్లగ్గులోకి పోదు.

పొర్లుదారి మూసుకున్నప్పుడు

చనిపోయిన చేప, ఆకు, స్పాంజి ముక్క ఏదైనా పొర్లుగొట్టానికి అడ్డుపడవచ్చు. నమూనా తొట్టిలో నీటిపైన ఖాళీ 5 సెం.మీ., అంటే 9 లీటర్లు. గంటకు 250 లీటర్లు వస్తుంటే అది రెండు నిమిషాలకే నిండి పొర్లుతుంది. అందువల్ల ప్రతి తొట్టికీ మొదటిదాని కంటే కాస్త ఎత్తులో రెండవ పొర్లుగొట్టం ఉండాలి. మొదటిదానికి జల్లెడ ఉంటుంది. రెండవది మామూలు వేళల్లో పొడిగా ఉండి ఆపదలో మాత్రమే పనిచేస్తుంది.

సంపును అడ్డుగోడలతో గదులుగా విభజించి, పంపు గదిని చిన్నదిగా ఉంచడం మరో రక్షణ. 30 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు గల పంపు గదిలో పంపు పీల్చగలిగేది 20 సెం.మీ. నీరు, అంటే 27 లీటర్లు. ఒక తొట్టి పొర్లినా ఆరేడు నిమిషాలలో ఆ గది ఖాళీ అవుతుంది. నేల మీదకు పోయే నీరు 18 లీటర్లకు మించదు. మట్టం తగ్గితే పంపును ఆపే ఫ్లోట్ స్విచ్ అక్కడ తప్పక ఉండాలి.

చిన్న గదికి ఒక ఇబ్బంది ఉంది. తొట్లలో మట్టాన్ని పొర్లు అంచు స్థిరంగా ఉంచుతుంది కనుక, మొత్తం వ్యవస్థలో ఆవిరైన నీటి లోటు పంపు గదిలోనే కనిపిస్తుంది. తొట్లు, సంపు కలిపి 2.6 చదరపు మీటర్ల నీటి ఉపరితలం మీద రోజుకు 3 మి.మీ. ఆవిరైతే దాదాపు 8 లీటర్లు తగ్గుతాయి. పంపు గదిలో మట్టం రోజుకు 6 సెం.మీ. పడిపోయి, నాలుగో రోజుకు పంపు గాలి పీలుస్తుంది. రోజూ నీరు కలపడమో, ఫ్లోట్ వాల్వుతో దానంతట అదే నిండే ఏర్పాటో చేయాలి. కుళాయి నీరైతే క్లోరిన్ తొలగించిన తరువాతనే కలపాలి.

జీవ వడపోత

నీరు కలిసిన చోట అమ్మోనియా కూడా కలుస్తుంది. 35 శాతం మాంసకృత్తులు గల మేత రోజుకు 50 గ్రాములు వేస్తే సుమారు 1.6 గ్రాముల అమ్మోనియా నత్రజని వెలువడుతుంది. నమూనాలోని 868 లీటర్లలో వడపోత పనిచేయకపోతే ఒక్క రోజులో అది లీటరుకు 1.85 మి.గ్రా. అవుతుంది. ఇందులో ఎంత భాగం విషరూపంలో ఉంటుందన్నది ఉదజని సూచికను బట్టి మారుతుంది. 28 డిగ్రీల వద్ద సూచిక 7 అయితే ఒక శాతం కంటే తక్కువ, 8 అయితే సుమారు 6.5 శాతం. రెండవ సందర్భంలో విషరూప అమ్మోనియా లీటరుకు 0.12 మి.గ్రా.కు చేరుతుంది. అది 0.05 దాటకుండా చూసుకోవాలి.

నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా వంటి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మారుస్తాయి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనికి అవి 4.57 గ్రాముల ఆక్సిజన్‌ను, సుమారు 7 గ్రాముల క్షారతను వాడుకుంటాయి. కాబట్టి క్షారతను తరచు పరీక్షించి, తగ్గినప్పుడు వంటసోడాతో సరిచేయాలి. ఈ బాక్టీరియా స్థిరపడటానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. అప్పటివరకు తొట్లు నింపే తొందర పనికిరాదు. మిగిలిన నైట్రేటును నీటి మార్పిడితో తొలగించవచ్చు. ఆ నీరు ఆకుకూరల మడులకు మంచి ఎరువు.

ఒకే నీరు, ఒకే ముప్పు

అనుసంధానించిన పన్నెండు తొట్లు జీవశాస్త్రపరంగా ఒకే తొట్టి. తెల్లమచ్చల వ్యాధిని కలిగించే ఇక్తియోఫ్తిరియస్ పరాన్నజీవి పిల్లదశలో నీటిలో ఈదుతూ కొత్త చేపను వెతుకుతుంది. ఒక తొట్టిలో ఉదయం కనిపించిన వ్యాధికి మిగిలిన పదకొండు తొట్లూ అప్పటికే గురై ఉండవచ్చు. వడపోత తరువాత అతినీలలోహిత దీపం అమర్చితే ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

కొత్తగా కొన్న చేపలను 3 నుండి 4 వారాలు ఈ వ్యవస్థతో ఏ సంబంధమూ లేని తొట్టిలో, దానికే ప్రత్యేకించిన వల, బకెట్‌తో ఉంచాలి. మందులు కూడా నీటి వెంటే అన్ని తొట్లకూ పోతాయి. కొన్ని మందులు జీవ వడపోతలోని బాక్టీరియాను చంపుతాయి. కాబట్టి చికిత్స వేరుచేసిన తొట్టిలోనే జరగాలి. పొర్లుగొట్టం ఉన్న సమాంతర పద్ధతిలో ఇది తేలిక. శాఖ వాల్వు మూస్తే నీరు రావడం ఆగుతుంది, పొర్లడమూ ఆగుతుంది. ఒక గాలి రాయి వేస్తే ఆ తొట్టి స్వతంత్రమవుతుంది. చికిత్స ముగిశాక మందు నీటిని సంపుకు పోనీయకుండా బయటకు తోడి, కొత్త నీరు నింపి, అప్పుడు వాల్వు తెరవాలి.

నీటి గుణం కూడా అన్నిటికీ ఒకటే. గప్పీ, మోలీ కఠిన జలాన్ని ఇష్టపడతాయి. డిస్కస్, పలు టెట్రాలు మృదు జలాన్ని కోరుతాయి. ఈ రెండు వర్గాలను ఒకే సంపు మీద పెంచరాదు. బోరు నీటి కఠినతను పరీక్షించి, దానికి తగిన చేపలను ఎంచుకోవడం నీటిని మార్చే ప్రయత్నం కంటే చౌక.

చేపలు వేయకముందు

వ్యవస్థను కనీసం ఒక వారం ఖాళీ నీటితో నడిపి మూడు పరీక్షలు చేయాలి. మొదటిది ఆపే పరీక్ష. పంపును ఆపి, నీటి కదలిక పూర్తిగా నిలిచేదాకా వేచి, సంపులో అత్యధిక మట్టం దగ్గర రంగుతో గీత గీయాలి. ఆ గీత పై అంచుకు చాలినంత దిగువన ఉండాలి. రెండవది తిరిగి మొదలయ్యే పరీక్ష. పంపును మళ్లీ వేసినప్పుడు మనిషి చేయి పెట్టకుండానే అన్ని మట్టాలూ యథాస్థితికి రావాలి. మూడవది అడ్డు పరీక్ష. ఒక్కొక్క తొట్టి మొదటి పొర్లుగొట్టాన్ని చేతితో మూసి, రెండవది నీటిని మోయగలుగుతున్నదో లేదో చూడాలి. ఈ మూడింటినీ నెలకొకసారి తిరిగి చేయడం మంచిది. నాచు, బంక, మడ్డి గొట్టాల లెక్కలను నెమ్మదిగా మారుస్తాయి.

పన్నెండు తొట్లకు ఒకే పంపు ఉండటం వల్ల శ్రమ, ఖర్చు తగ్గుతాయి. నీటి పరిమాణం పెరగడంతో దాని గుణంలో మార్పులు నెమ్మదిస్తాయి. అదే సమయంలో ఒక్క పొరపాటు ప్రభావం పన్నెండు రెట్లవుతుంది. అర్ధరాత్రి కరెంటు పోయి, తెల్లవారుజామున తిరిగి వచ్చి, మధ్యలో ఎవరూ నిద్ర లేవకపోయినా తొట్లు, చేపలు, నేల యథాతథంగా ఉన్నప్పుడే ఆ అనుసంధానం సక్రమంగా జరిగినట్లు భావించాలి.